మంట కొత్త కాదు, గడువు తగ్గింది

(శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాల హాల్లో విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం. చివర సభలోవాళ్లు అడిగిన ప్రశ్నల్లో కొన్ని మాత్రం ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? మైకు కొంచెం గరగరమంటోంది, సర్దుకోండి.

నన్ను పిలవడానికి వచ్చిన పిల్లలు టాపిక్ మీ ఇష్టం అన్నారు. బోరియల్ అడవుల గురించి చెబుతానంటే ఒక కుర్రాడు మొహమాటపడుతూనే "మాస్టారూ, జీడి తోటల గురించయితే జనం వస్తారండి" అన్నాడు. జీడి తోటలూ వస్తాయిలే, కంగారు పడకు అన్నాను. జనం కూడా వచ్చారు. సమోసాల వల్ల అనుకుంటాను.

మన జిల్లాలో సైబీరియా పేరు వినని మనిషి ఉండడు. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది కదా, చలికాలం ముందు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి ఊళ్లో చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటిని చూపించి "సైబీరియా నుంచి వచ్చాయి" అని చెప్పడం మనకి అలవాటు. నేనూ చిన్నప్పుడు అలాగే చెప్పాను, మా పిల్లలకీ చెప్పాను. తీరా చదివితే తేలింది ఏమిటంటే, ఈ రెండు రకాలూ మన ఉపఖండపు పక్షులే. ఆలోచిస్తే తెలిసిపోయే సంగతే ఇది. చలికి తట్టుకోలేక ఉత్తరం నుంచి వలస వచ్చే పక్షి గుడ్లు అక్కడే పెడుతుంది, ఇక్కడికి తిండి కోసం వస్తుంది. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని లేపుకుని పోతోందంటే ఇది దాని పుట్టిల్లే. కాబట్టి సైబీరియాతో మన చుట్టరికం పెలికాన్ల వల్ల కాదు. గాలి వల్ల.

ఆ గాలి సంగతి ముందు చెబుతాను. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని వరసగా కొలవడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ కొలుస్తున్నారు. ఆ గ్రాఫు మీ పుస్తకాల్లో ఉంటుంది. పైకి పోతూ ఉండే గీత. కానీ దగ్గరగా చూడండి, అది నున్నటి గీత కాదు, రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి ఏడాదీ మే నెల దాకా పెరుగుతుంది, తరవాత సెప్టెంబరు, అక్టోబరు దాకా తగ్గుతుంది. ఎందుకంటే భూమ్మీద నేల ఎక్కువగా ఉన్నది ఉత్తరార్ధంలో. అక్కడ ఎండాకాలం వచ్చి ఆకు పుట్టగానే చెట్లూ గడ్డీ పైర్లూ అన్నీ కలిసి గాలిలోంచి కార్బన్‌ని లాక్కుంటాయి. చలికాలం వచ్చాక ఆకు కుళ్లి మళ్లీ వదులుతాయి. ఊపిరి పీల్చి వదిలినట్టు. ఆ ఊపిరిలో పెద్ద భాగం ఉత్తరపు అడవులది. అక్కడ పీల్చింది, ఇక్కడ మనం కూర్చున్న హాల్లో గాలిలో కూడా లెక్కకి వస్తుంది. ఏడాదిలో గాలి భూగోళమంతా కలిసిపోతుంది.

బోరియల్ అంటే ఉత్తరానిది అని. గ్రీకుల పురాణాల్లో ఉత్తరపు గాలికి బోరియాస్ అనే దేవుడున్నాడు, మన వాయుదేవుడిలాగ. ఆ పేరు మీద పెట్టారు. రష్యావాళ్లు టైగా అంటారు. అలాస్కాలో మొదలుపెట్టి కెనడా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా మీదుగా పసిఫిక్ దాకా భూగోళానికి తలపాగా చుట్టినట్టు ఉంటుంది. ప్రపంచంలో ఉన్న అడవుల్లో నాలుగో వంతుకి పైనే ఇది. స్ప్రూస్, పైన్, ఫర్, లార్చ్ అనే సూదాకు చెట్లు. మధ్యమధ్యలో వెడల్పాకు బిర్చ్, ఆస్పెన్. లిస్టు ఇంతే. మన సీతంపేట కొండల్లో ఒక గెడ్డ పక్కన నిలబడి లెక్కపెడితే ఇంతకన్నా ఎక్కువ రకాలు కనిపిస్తాయి. చెట్లు కూడా పెద్ద ఘనంగా ఉండవు. బ్లాక్ స్ప్రూస్ అని ఒకటుంది, సన్నగా, సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది. బురదనేలలో వందేళ్ల చెట్టు కూడా మన ఇంటి ముందు కరివేప చెట్టంత ఎత్తే ఉండొచ్చు.

మరి అంత బక్కచెట్ల అడవిని పట్టుకుని ప్రపంచమంతా ఎందుకు టెన్షన్ పడుతోంది?

అసలు సరుకు చెట్టులో లేదు, నేలలో ఉంది. మన దగ్గర ఆకు రాలితే ఒక వానాకాలంలో మట్టయిపోతుంది. చెదలు, బూజు, బాక్టీరియా అన్నీ కలిసి తినేస్తాయి, కార్బన్ తిరిగి గాలిలోకి పోతుంది. అక్కడ ఏడాదిలో ఆరేడు నెలలు చలి. రాలిన ఆకు, విరిగిన కొమ్మ, చచ్చిన నాచు కుళ్లేలోపే మళ్లీ మంచు పడుతుంది. దాని మీద ఇంకో పొర. అలా వేల ఏళ్లు. నీళ్లు నిలిచే చోట ఇంకా మందంగా, మీటర్ల కొద్దీ పేరుకుంటుంది. దాన్ని పీట్ అంటారు. ముదురు గోధుమరంగు, నొక్కితే స్పాంజిలాగ నీళ్లు కారతాయి, ఎండబెడితే పిడకలా మండుతుంది. ఐర్లాండులో దాన్ని ముక్కలుగా కోసి పొయ్యిలో పెట్టుకునేవాళ్లు. ఇంకా ఉత్తరానికి పోతే నేలే గడ్డకట్టి ఉంటుంది. వరసగా రెండేళ్లకు తక్కువ కాకుండా గడ్డకట్టి ఉన్న నేలని పర్మాఫ్రాస్ట్ అంటారు. చెట్లు పెరగని టండ్రా మైదానాలతో కలిపి ఆ మంచునేలలు ఉన్న ప్రాంతంలో దాగిన కార్బన్ సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులు అని అంచనా. ఇప్పుడు గాలి మొత్తంలో ఉన్న కార్బన్‌కి ఇది రెట్టింపుకి దగ్గర.

మీలో ఉద్దానం వాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సరే, మీకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకి చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. కరెంటు స్తంభాలు వంగలేదు, విరిగిపోయాయి. మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నాలుగో రోజున మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి, ముక్కు మూసుకుని, మళ్లీ వేసేసింది. అందులో ఉన్న చేపలు తుఫానుకి ముందు కూడా అవే చేపలు. కరెంటు ఉన్నంతసేపు కుళ్లలేదు, అంతే. పర్మాఫ్రాస్ట్ అలాంటి ఫ్రిజ్. దాని కరెంటు చలి. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం మిగతా భూమి సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. 2020 జూన్ 20న సైబీరియాలో వెర్ఖోయాన్స్క్ అనే ఊళ్లో 38 డిగ్రీలు నమోదయింది. చలికాలంలో సున్నాకి 67 డిగ్రీలు దిగువకి పోయిన చరిత్ర ఉన్న ఊరు అది. ప్రపంచ వాతావరణ సంస్థ తరవాత పరిశీలించి ఆ 38 నిజమే అని ఖాయం చేసింది.

ఇప్పుడు మంట దగ్గరికి వస్తాను. నేను ఈరోజు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే.

అడవి కాలిందనగానే మనం అయ్యో అంటాం. కానీ బోరియల్ అడవికి మంట శత్రువేం కాదు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి కెనడాలో ఉంటుంది. అక్కడి జాక్ పైన్ కాయ ఒకటి తీసుకుని తన వంటింట్లో చేసిన పనిని వీడియో తీసి నాకు వాట్సాప్ చేసింది. కాయ అంటే మన బొటనవేలంత, కొంచెం వంకరగా, బూడిదరంగులో, రాయిలా ఉంటుంది. పొలుసుల మధ్య బంకతో సీలు వేసినట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి చెట్టు మీదే మూసుకుని ఉంటుంది, చేత్తో విప్పితే రాదు. ఆ అమ్మాయి దాన్ని మరిగే నీళ్లలో వేసింది. కాసేపటికి బంక కరిగి నీళ్ల మీద పలచగా తేలింది. తీసి ఆరబెట్టింది. పొలుసులు ఒక్కొక్కటీ టిక్కు టిక్కుమని విచ్చుకుంటున్నాయి, ఆ చప్పుడు వీడియోలో వినిపిస్తుంది. లోపల మిరపగింజ కన్నా చిన్న గింజలు, ఒక్కోదానికి పలచటి రెక్క. మంట వచ్చి తల్లి చెట్టు మాడిపోయాకే ఆ గింజ నేల మీద పడుతుంది. కింద బూడిద ఎరువు, పైన ఎండ, పక్కన పోటీ లేదు. బ్లాక్ స్ప్రూస్ కూడా కొంచెం ఇదే పద్ధతి. మంట కోసమే తయారైన చెట్లు ఇవి.

అయితే ఒక లెక్క ఉంది. కెనడా వాయవ్యంలో ఒకచోట మంట వచ్చాక మళ్లీ అదే చోటికి రావడానికి పాతరోజుల్లో 70 నుంచి 130 ఏళ్లు పట్టేది. ఆ గడువులో చెట్లు పెరిగి, కాయలు కాసి, కింద నాచు, ఆకు పేరుకుని, పోయిన కార్బన్ తిరిగి జమ అయ్యేది. మంట వస్తే పై పొర కాలేది, అడుగున ఉన్న పాత పొర తడిగా ఉండి మిగిలిపోయేది. ప్రతి మంటకీ కొంత మిగులు. వేల ఏళ్లలో ఆ మిగులే నిధి అయింది.

మన కొండల్లో పోడు చూడండి. సవర గిరిజనులు పూర్వం ఒక ముక్క కాల్చి, కొర్రలో కందులో రెండు మూడేళ్లు పండించి, వదిలేసి ఇంకో వాలుకి పోయేవాళ్లు. తిరిగి పాత చోటికి వచ్చేసరికి పది పదిహేనేళ్లు. ఆ లోపల అడవి మళ్లీ లేచేది. పోడు అడవిని నాశనం చేసింది అని ఆఫీసు కుర్చీలో కూర్చుని అనడం తేలిక. నేలలు చేతులు మారాయి, కొండ తగ్గింది, మనుషులు పెరిగారు, ఆ పదిహేనేళ్లు మూడేళ్లయింది. కాల్చడం అదే కాల్చడం. మధ్యలో ఉండాల్సిన విరామం పోయింది.

అక్కడ జరుగుతున్నదీ అదే. మంచు ముందే కరుగుతోంది, ఎండాకాలం సాగుతోంది. పిడుగులు పడితే ఒకప్పుడు తడి నాచు మీద చప్పబడిపోయేవి, ఇప్పుడు నాచు ఎండి సిద్ధంగా ఉంటోంది. 2014లో కెనడా వాయవ్య భూభాగాల్లో దాదాపు 28 లక్షల హెక్టార్లు కాలింది. తరవాత శాస్త్రవేత్తలు వెళ్లి కాలిన నేలని తవ్వి, రేడియోకార్బన్ పద్ధతితో వయసు కట్టారు. వయసు మీరిన అడవుల్లో కాలింది ఎక్కువగా ఈమధ్య పేరుకున్న పొర. 60 ఏళ్లు కూడా నిండని అడవుల్లో మాత్రం చాలా చోట్ల మంట అడుగుకి దిగింది, వెనకటి మంటల నుంచి తప్పించుకుని దాక్కున్న పాత కార్బన్‌ని తినేసింది. కోమటి లెక్కలో చెప్పాలంటే, ఇన్నాళ్లూ అడవి వడ్డీతో మంటని సాగనంపేది. ఇప్పుడు వడ్డీ జమ పడేలోపే మంట మళ్లీ వాకిట్లోకి వస్తోంది. అసలుకే ఎసరు.

2023లో కెనడాలో ఏమైందో టీవీలో చూసే ఉంటారు, న్యూయార్కు ఆకాశం నారింజరంగుకి తిరిగింది. జూన్ మొదటి వారం అది. ఆ ఏడాది మొత్తం కాలింది సుమారు కోటిన్నర హెక్టార్లు. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపినా కోటీ అరవై లక్షల హెక్టార్లు. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా పొలం, ఊరు, రోడ్డు ఏదీ వదలకుండా కాలినట్టు ఊహించుకోండి. అక్కడ మామూలు ఏడాదిలో కాలేది 20, 25 లక్షల హెక్టార్లు. ఆగస్టులో ఎల్లోనైఫ్ అనే ఊరిని, 20 వేల మందిని, మొత్తం ఖాళీ చేయించారు. ఉపగ్రహాల కొలతలతో లెక్క కడితే మే నుంచి సెప్టెంబరు దాకా ఆ మంటల్లో గాలిలో కలిసిన కార్బన్ సుమారు 65 కోట్ల టన్నులు. కెనడా ఏడాది పొడుగునా బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చి వదిలేదానికి దాదాపు నాలుగింతలు. దేశాల లిస్టులో పెడితే చైనా, అమెరికా, మన ఇండియా తరవాత ఆ మంటలే.

ఆ పొగలో ఎక్కువ భాగం చెట్టుది కాదు, నేలది. ఫొటోల్లో నిలువునా మండే చెట్లే చూపిస్తారు, అందంగా ఉంటాయి కాబట్టి. బ్లాక్ స్ప్రూస్ అడవిలో నష్టం చేసేది కింద చప్పుడు లేకుండా పాకే మంట.

ఊక కుప్ప చూశారా ఎప్పుడైనా, రైసుమిల్లు వెనక? నిప్పంటుకుంటే మంట కనపడదు. పైన నల్లటి పొర, ఎక్కడో సన్నగా పొగ. ఆరిపోయింది కదా అని కాలు పెడితే లోపలికి దిగిపోతుంది, ఎర్రటి నిప్పు. మిల్లు దగ్గర పెరిగిన పిల్లలందరికీ ఈ పాఠం ఏదో ఒక అరికాలు నేర్పే ఉంటుంది. నాకు ఎడమ కాలు. పీట్ అలా కాలుతుంది. 2016 మేలో కెనడాలో ఫోర్ట్ మెక్‌ముర్రే అనే ఊరి దగ్గర మంట పుట్టి, 88 వేల మంది ఊరు విడిచి పోయారు. ఆ మంట పూర్తిగా ఆరిందని ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 2017 ఆగస్టులో. మధ్యలో ఒక చలికాలం, మోకాలు లోతు మంచు, అన్నీ గడిచాయి. మంచు కింద నిప్పు బతికే ఉంది. ఇలాంటివాటిని వాళ్లు జాంబీ మంటలు అంటున్నారు. మనకి ఎప్పటినుంచో నివురుగప్పిన నిప్పు అనే మాట ఉంది, జాంబీ అనే సినిమా పేరు మనకి అక్కర్లేదు. అలాస్కా, వాయవ్య కెనడా లెక్కల్లో వీటి వాటా మొత్తం కాలిన విస్తీర్ణంలో నూటికి ఒకటి కూడా లేదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ ఎండలు ముదిరిన ఏడాది తరవాతే ఇవి ఎక్కువగా కనిపిస్తున్నాయి.

మంట ఒకటే కాదు. పురుగు ఉంది.

కెనడా పడమటి వైపు బ్రిటిష్ కొలంబియాలో మౌంటెన్ పైన్ బీటిల్ అని బియ్యపుగింజంత పురుగు ఉంది. బెరడు కిందకి దూరి గుడ్లు పెడుతుంది. చెట్టు ఊరుకోదు, జిగురు పోసి దాన్ని బయటికి నెడుతుంది. నీళ్లున్న చెట్టు గెలుస్తుంది, ఎండకి డస్సిపోయిన చెట్టుకి జిగురు ఊరదు. ఒక పురుగు లోపలికి పోగలిగితే వాసన వదిలి మిగతావాటిని పిలుస్తుంది. అవి తమతో ఒక బూజు తెస్తాయి, అది కాండంలో నీళ్లు పోయే దారిని మూసేస్తుంది. మరుసటి ఏడాదికి పచ్చటి చెట్టు ఎర్రగా తిరుగుతుంది. ఇదివరకు దీని సంఖ్యని అదుపులో పెట్టింది చలి. సున్నాకి 40 డిగ్రీలు దిగువన కొన్ని రోజులు గట్టిగా పడితే బెరడు కింద పిల్లపురుగులు చచ్చేవి. ఆ చలి రావడం తగ్గింది. 1990ల చివర నుంచి మొదలై సుమారు 1 కోటీ 80 లక్షల హెక్టార్లలో పైన్ చెట్లు దెబ్బతిన్నాయి. 2008లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2020 దాకా ఈ పురుగు వల్ల ఆ అడవి పోగొట్టుకునే కార్బన్ 27 కోట్ల టన్నులు. నిప్పురవ్వ లేకుండా. పైగా రాకీ పర్వతాలు దాటి అవతల ఆల్బర్టాలోకి కూడా అది దిగింది.

ఇందాక తిత్లీ అన్నాను. స్వీడన్‌లో దానికి అక్కగారు ఉంది. 2005 జనవరిలో గుద్రున్ అనే తుఫాను ఒక్క రాత్రిలో ఏడున్నర కోట్ల ఘనమీటర్ల కలప పడేసింది. పడిన చెట్లని వెంటనే తీయలేకపోయారు. పడిన స్ప్రూస్‌లో బెరడు పురుగు పుట్టి, తరవాతి ఏళ్లలో నిలబడ్డ చెట్లకి ఎక్కింది. ఇది చదివినప్పుడు నాకు మా కొబ్బరి తోటే గుర్తొచ్చింది. తుఫాను వెళ్లాక పడిన మానులు ఎవరు ఎత్తగలరు? కూలీలు లేరు, కొనేవాడు లేడు. కుళ్లిన మానులో కొమ్ము పురుగు పెరిగింది. తుఫానుకి నిలబడిన చెట్ల మొవ్వులోకి అదే దూరింది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు త్రికోణం కోతలు ఉంటాయి, ఉద్దానం పిల్లలు గుర్తుపడతారు. గాలి తీసింది కొన్ని, గాలి పెట్టిన పురుగు తీసింది కొన్ని. ఒక దెబ్బ ఇంకో దెబ్బకి దారి వేస్తుంది. అక్కడా అంతే, ఎండ పురుగుని పిలుస్తుంది, పురుగు చంపిన చెట్టు మంటకి కట్టెపుల్ల అవుతుంది, మంట వచ్చి నేల మీది నాచు దుప్పటి తీసేస్తే కింద మంచునేల కరుగుతుంది.

ఆ చివరిది ఒకసారి చూద్దాం. సైబీరియాలో యకూతియాలో బటగాయ్ అనే ఊరి దగ్గర 1960లలో కొంత అడవి కొట్టేశారు. నీడ పోయింది. నేలలో మంచు కరిగింది, నేల కుంగింది, కుంగిన గట్టు ఎండకి ఇంకా కరిగింది. ఇప్పుడు అది కిలోమీటరు పొడవు గొయ్యి, ఇంకా పెరుగుతూనే ఉంది. మిగతా చోట్ల ఇంత నాటకం ఉండదు, నేల అక్కడక్కడ దిగబడి చెట్లు తాగినవాళ్లలా తలో పక్కకీ వాలతాయి. దిగబడిన చోట నీళ్లు నిలుస్తాయి. నీళ్ల అడుగున గాలి అందకుండా కుళ్లితే వచ్చేది మీథేన్. గోగు కట్టలు చెరువులో ఊరవేసినప్పుడు పైకి బుడగలు వస్తాయి కదా, ఆ కంపు మన జిల్లాలవాళ్లకి వేరే చెప్పాలా? ఆ బుడగల్లో ఉండేది ఈ మీథేనే. (కంపు దానిది కాదు, దానికి వాసన లేదు. కంపు పక్కవాళ్లది.) వందేళ్ల లెక్కలో చూస్తే టన్నుకి టన్ను కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లకి తక్కువ కాకుండా వేడి పట్టి ఉంచుతుంది.

అంతా చేటే అనుకోకండి. అలాస్కాలో 2004లో 27 లక్షల హెక్టార్లు కాలాక కొన్ని చోట్ల స్ప్రూస్ తిరిగి రాలేదు. నేల బాగా కాలి మట్టి బయటపడిన చోట ఆస్పెన్, బిర్చ్ వచ్చాయి. ఇవి వేగంగా పెరుగుతాయి, పచ్చి ఆకు, అంత తేలిగ్గా అంటుకోదు. ఆ అడవుల్లో నేల పోగొట్టుకున్న కార్బన్‌ని కొత్త చెట్లు కాలక్రమంలో తిరిగి పట్టుకుని, ఇంకా ఎక్కువే దాచవచ్చని అక్కడ పనిచేసినవాళ్లు లెక్కకట్టారు. కాలిన చోట మంచు తెల్లగా బయటపడి ఎండని తిప్పికొడుతుంది, అదీ కొంత చల్లదనం. సీజను పొడుగయ్యి కొన్ని చోట్ల చెట్లు బాగా పెరుగుతున్నాయి కూడా. నాకు మాత్రం ఇందులో పెద్ద ధైర్యం కనపడదు. నేలలోది వేల ఏళ్ల నిల్వ. ఆస్పెన్ చెట్టుది వందేళ్ల మాట, అది కూడా మధ్యలో ఏమీ జరగకపోతే.

లెక్కల పుస్తకం సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. కెనడా తన జాతీయ లెక్కలో అడవి మంటల పొగని కలపదు. అది ప్రకృతి చేసింది, మేం చేసింది కాదు అంటుంది. పద్ధతి ప్రకారం అది తప్పు కాదు, నియమాలు ఒప్పుకుంటాయి. గాలికి మాత్రం ఆ ఖాతా ఈ ఖాతా అని తేడా లేదు. ఫిన్లాండ్ సంగతి ఇంకో రకం. 2035కి కర్బన సమతుల్యం, అంటే వదిలినంత కార్బన్‌ని తిరిగి పట్టుకోవడం, సాధిస్తాం అన్నారు, అందులో పెద్ద భాగం అడవి మింగుతుందని ధీమా. తీరా 2021 లెక్కలు తీస్తే అడవులూ పీట్ నేలలూ పొలాలూ అన్నీ కలిపిన పద్దు జమ వైపు నుంచి ఖర్చు వైపుకి తిరిగింది. అక్కడ మంట కాదు కారణం, నరకడం పెరిగింది, చెట్ల పెరుగుదల మందగించింది, ఎండగట్టిన పీట్ నేలలు కార్బన్ వదులుతున్నాయి.

ఇక మీరు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మరి చెట్లు నాటితే సరిపోదా?)

నాటాలమ్మా, వద్దనను. నాటిన రోజు ఫొటో దిగుతారు. ఆ మొక్క యాభై ఏళ్లు నిలబడిందా లేదా అన్నది కార్బన్ లెక్క. ఇప్పుడు నేను చెప్పిన అడవుల్లో చెట్లకి కరువు లేదు. ఉన్న పీట్‌ని తడిగా ఉంచడం, ఎండగట్టడానికి తవ్విన మురుగుకాలవల్ని పూడ్చడం, ఊళ్లకి దూరంగా ఉన్నా సరే పీట్ మీద పుట్టిన మంటని చిన్నగా ఉన్నప్పుడే ఆర్పడం, ఇవి అక్కడ చేయగల పనులు. మిగతా పెద్ద పని బొగ్గూ పెట్రోలూ దగ్గర ఉంది. అది నీకు తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేముంది.

(ఒక విద్యార్థి: పోడుని మీరు సమర్థిస్తున్నారా సార్?)

నేను గడువు గురించి మాట్లాడాను బాబూ. పదిహేనేళ్ల పోడు వేరు, మూడేళ్ల పోడు వేరు. ఎవరు కాల్చారు అన్నదానికన్నా ఎన్నాళ్లకి కాల్చారు అని అడిగితే మనకి ఎక్కువ తెలుస్తుంది.

(వెనక నుంచి ఒక రైతు: మాస్టారూ, మా ఊరికి ఎవరో వచ్చి జీడి తోటకి కార్బన్ డబ్బులు ఇస్తామంటున్నారు. సంతకం పెట్టీమంటున్నారు. ఏటి, పెట్టొచ్చా?)

ఎన్నేళ్లకి అన్నారు?

(రైతు: ముప్పయ్యో నలభయ్యో అన్నారు. సరిగ్గా తెలీదు.)

మీ తోట ఇప్పటిది వయసెంత?

(రైతు: పాతది తిత్లీకి పోయింది కదా. తరవాత వేసిందే.)

చెట్టు పట్టి దాచిన కార్బన్‌కే కదా వాళ్లిచ్చే డబ్బు. చూశారా, ప్రశ్న అక్కడే ఉంది. ఆ ముప్పయ్యేళ్లలో ఇంకో తుఫాను రాకుండా ఉండదు. చెట్లు పడిపోతే ఆ కార్బన్ ఎవరి ఖాతాలో పడుతుంది? మీరు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలా? మళ్లీ నాటే ఖర్చు ఎవరిది? మధ్యలో కొడుకు తోట అమ్ముకుంటానంటే ఏమవుతుంది? ఈ నాలుగింటికీ ఆ కాగితంలో జవాబు రాసి ఉండాలి. నోటిమాట కాదు. కాగితం ఏ భాషలో ఉంది?

(రైతు: ఇంగ్లీషులోనండి.)

ఇప్పుడు తెచ్చారా?

(రైతు: సంచీలో ఉంది.)

అయితే సంతకం ఆపండి. సభ అయ్యాక ఇక్కడే కూర్చుని చదువుదాం. ఈ పిల్లల్లో కామర్స్ వాళ్లు ఎవరైనా ఉంటే మీరూ ఉండండి, నాకు ఆ భాష సగమే వస్తుంది. పలాస వైపు బస్సు ఏడున్నరకి కదా, టైముంది.